లేబర్: నొప్పికీ పనికీ మధ్య

తెలుగు స్త్రీవాద కవిత్వం గురించి ఎవరు మాట్లాడినా రెండు కవితల పేర్లు తప్పకుండా వస్తాయి. ఒకటి విమల 'వంటిల్లు', రెండోది కొండేపూడి నిర్మల 'లేబర్ రూం'. రెండూ గదుల పేర్లే. రెండూ ఆడవాళ్ళకు కేటాయించిన గదులే. కాకపోతే ఒకదానికి తెలుగు పేరు, రెండోదానికి ఇంగ్లీషు పేరు. పురిటిగది అనే మాట మనకు లేక కాదు. ఆ పేరు పెట్టి ఉంటే అది వేరే కవిత అయ్యేది. పురిటిగది అనగానే పుట్టిల్లు, కాయం, సాంబ్రాణి పొగ, మైల, పురిటిస్నానం గుర్తుకొస్తాయి. లేబర్ రూం అనగానే ఆస్పత్రి, ఇనప మంచం, పక్క మంచం మీద మూలుగుతున్న మరో ఆడమనిషి, ఆయా కేకలు గుర్తుకొస్తాయి. మనలో చాలామంది పిల్లల్ని కన్నది ఈ రెండో గదిలోనే. కాబట్టి కవయిత్రి అక్కడి బోర్డు మీదున్న పేరే పెట్టారు అనుకుని ముందుకు పోవచ్చు. మన విమర్శ చాలావరకు అలాగే ముందుకు పోయింది. నాకు మాత్రం ఆ బోర్డు దగ్గరే కాసేపు ఆగాలనిపిస్తుంది.

ఎందుకంటే అదే మాటను మనం ఇంకా చాలాచోట్ల వాడతాం. తెల్లారేసరికి హైదరాబాదు కూడళ్ళలో కూలి పని కోసం ఆడా మగా నిలబడే చోటు లేబర్ అడ్డా. కూలి ఎగ్గొడితే ఫిర్యాదు ఇవ్వాల్సింది లేబర్ ఆఫీసులో. ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు 'లేబర్ దొరకట్లేదు' అంటాడు. మధ్యతరగతి ఇళ్ళలో ఆడపిల్ల కాస్త గొంతు పెంచితే 'ఏంటా లేబర్ భాష' అని తల్లే కసురుతుంది. శిక్షాస్మృతిలో కఠిన కారాగారం అంటే హార్డ్ లేబర్‌తో కూడిన జైలు. బ్రిటన్‌లో అది ఒక రాజకీయ పార్టీ పేరు. పైసా రాకపోయినా ఇష్టంగా చేసిన పనిని ఇంగ్లీషువాళ్ళు ప్రేమతో చేసిన లేబర్ అంటారు. కూలి, శిక్ష, తిట్టు, పార్టీ, ప్రేమ, ఇన్నిటికీ పనికొచ్చే ఆ మాటే ప్రసవం జరిగే గది తలుపు మీద కూడా ఉంది.

ఒక మాటకు నాలుగు అర్థాలుండటం ఏ భాషలోనైనా మామూలే కదా అని దీన్ని వదిలేయొచ్చు. వదిలేయకూడదని నా వాదన. ఇంగ్లీషు ఒకే మాటలో కలిపి ఉంచిన వాటిని మనం తెలుగులోకి తెచ్చుకునేటప్పుడు ముక్కలు చేశాం. ప్రసవాన్ని నొప్పి కింద వేశాం. కూలిని శ్రమ కింద వేశాం. ఇంటిపనిని ప్రేమ కింద, బాధ్యత కింద వేశాం. మన సాహిత్య విమర్శ కూడా ఈ అరల ప్రకారమే కవితల్ని సర్దింది. 'లేబర్ రూం' దేహ రాజకీయాల కవిత అయింది. 'వంటిల్లు' ఇంటి చాకిరీ కవిత అయింది. దళిత స్త్రీలు తమ రెక్కల కష్టం గురించి రాసినవి కుల అస్తిత్వ కవితలయ్యాయి. ఈ మూడింటినీ ఒకే వాదనగా చదవడానికి వీలున్న మాట మన మధ్యే తిరుగుతున్నా దాన్ని మనం వాడుకోలేదు.

ముందు ఆ మాట పుట్టుక చూద్దాం. లాటిన్‌లో 'లాబోర్' అంటే కష్టం, ప్రయాస. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ప్రసవం అనే అర్థం పదహారో శతాబ్దంలో చేరింది. 1776లో ఆడమ్ స్మిత్ 'వెల్త్ ఆఫ్ నేషన్స్' రాసే నాటికి లేబర్ అర్థశాస్త్రపు మాటగా, కొలవగలిగిన, కొనగలిగిన సరుకుగా మారింది. రేమండ్ విలియమ్స్ 1976లో వేసిన 'కీవర్డ్స్' పుస్తకంలో ఈ మాటకు ఒక పద్దు ఉంది. ఒళ్ళు నొప్పించే ప్రయాస అనే పాత అర్థం నుంచి ఒక సామాజిక వర్గం పేరు దాకా ఆ మాట చేసిన ప్రయాణాన్ని అక్కడ చూడొచ్చు. ఫ్రెంచిలో ఈనాటికీ పనిని 'త్రవాయ్' అంటారు. అదే మాట ఇంగ్లీషులో 'ట్రావెయిల్' అయి బాధకీ పురిటి నొప్పికీ పేరైంది. 1958లో వచ్చిన 'ది హ్యూమన్ కండిషన్'లో హానా ఆరెంట్ కూడా యూరప్ భాషల్లో కష్టానికున్న మాటలకు నొప్పితో, ప్రసవంతో చుట్టరికం ఉందని గుర్తుచేస్తుంది.

ఈ చుట్టరికం నిఘంటువుల్లో మాత్రమే ఉండిపోలేదు. ఒక్కోసారి ఆడవాళ్ళ ఒంటి మీదికి కూడా వచ్చింది. బైబిల్ ఆదికాండంలో ఆదాము, ఈవ ఇద్దరికీ దేవుడు శిక్ష వేస్తాడు. అతను నేలతో కష్టపడి తినాలి, ఆమె కష్టపడి కనాలి. హీబ్రూ మూలంలో ఇద్దరి కష్టానికీ వాడింది ఒకే మాట, 'ఇత్సావోన్'. 1847లో ఎడిన్‌బరో డాక్టరు జేమ్స్ యంగ్ సింప్సన్ కాన్పుల్లో క్లోరోఫాం వాడటం మొదలుపెట్టినప్పుడు, ఆడదాని నొప్పి దైవశాసనం, దాన్ని తీసేయడం పాపం అనే అభ్యంతరాలు వచ్చాయి. సింప్సన్ ఆ ఏడాదే వాటికి జవాబుగా ఒక చిన్న పుస్తకం వేశాడు. హీబ్రూ మాటకు అర్థం నొప్పి కాదనీ, ప్రయాస, శ్రమ అనీ, నొప్పిని తగ్గిస్తే శాసనాన్ని మీరినట్టు కాదనీ అతని వాదన. 1853లో విక్టోరియా రాణి ఎనిమిదో కాన్పుకి జాన్ స్నో చేత క్లోరోఫాం తీసుకున్నాక ఆ గొడవ చాలావరకు సద్దుమణిగింది. రాణిగారు ఒప్పుకున్నాక పాపం పుణ్యమైపోవడం మనకు వింతేమీ కాదు. నేను చెప్పదలుచుకున్నది వేరే. మగవాడి శాపాన్ని నాగలి, యంత్రం, ట్రాక్టరు తేలిక చేస్తుంటే దైవధిక్కారం అని ఎవరూ గోల పెట్టలేదు. అదే శాపాన్ని ఆడమనిషి విషయంలో తేలిక చేయడానికి ఒక మాట అర్థం మీద పోట్లాడాల్సి వచ్చింది. అది పని అని రుజువైతేనే ఆమెకు ఉపశమనం అడిగే వీలు దొరికింది.

ఇప్పుడు తెలుగు దగ్గరికి వద్దాం. మనకు ప్రసవానికి మాటల కరువు లేదు. కాన్పు, కనడం, పురుడు, నీళ్ళాడటం, ప్రసవం. 'కను' అంటే చూడటం, బిడ్డను కనడం కూడా. 'ఆమె కన్నది' అన్నప్పుడు ఆ వాక్యంలో ఆమే కర్త. కానీ ఇప్పుడు రోజూ మనం అనేదేమిటి? 'ఆమెకు నొప్పులొచ్చాయి.' 'ఆమెకు డెలివరీ అయింది.' 'ఫలానా డాక్టరుగారు డెలివరీ చేశారు.' వచ్చేవి నొప్పులు, చేసేది డాక్టరు. ఆమెకు మిగిలింది 'కు' అనే విభక్తి ఒక్కటే. బిడ్డను బయటికి తోసిన కండరాల బలం, గంటల తరబడి చేసిన ప్రయత్నం, ఊపిరి పట్టడం, వదలడం, ఇదంతా ఆ వాక్యాల్లో ఎక్కడా కనిపించదు.

పని చేసేవాళ్ళకు కావలసినవి వేరు, నొప్పితో ఉన్నవాళ్ళకు ఇచ్చేవి వేరు. నొప్పితో ఉన్నవాళ్ళకు ఓర్చుకోమని చెబుతాం. ఓర్చుకుంటే మెచ్చుకుంటాం, అరిస్తే తిడతాం. లేబర్ రూముల్లో ఆడవాళ్ళు పడే మాటలు మనలో చాలామందికి తెలుసు. 'అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు' దగ్గర మొదలై, చేయి చేసుకోవడం దాకా పోతాయి. కేంద్ర ఆరోగ్య శాఖ 2017లో లేబర్ రూముల నాణ్యత కోసం 'లక్ష్య' అనే కార్యక్రమం మొదలుపెట్టి, కాన్పుకి వచ్చినవాళ్ళను గౌరవంగా చూడాలని అందులో రాయాల్సి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోవచ్చు. అదే ఆ గదిలో జరిగేదాన్ని పనిగా చూస్తే అడిగే ప్రశ్నలు మారతాయి. ఆమెకు తోడు ఎవరున్నారు? లేచి నడవనిస్తున్నారా? తాగడానికి నీళ్ళిస్తున్నారా? నొప్పి తగ్గించే మందు అడిగితే ఇస్తున్నారా? తొందరపెడుతున్నారా? ఇవి పని పరిస్థితుల గురించిన ప్రశ్నలు. నొప్పికి జాలి దొరుకుతుంది. పనికైతే హక్కు అడగొచ్చు.

ఇక్కడే మన రాష్ట్రాల లెక్క ఒకటి చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద కాన్పుల్లో 21.5 శాతం సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. తెలంగాణలో 60.7 శాతం, దేశంలో అన్నిటికన్నా ఎక్కువ. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే 81.5 శాతం. దీనికి డబ్బాశ దగ్గర్నుంచి ముహూర్తాల పిచ్చి దాకా చాలా కారణాలు చెబుతారు. అవన్నీ ఉన్నాయి. వాటితోపాటు భాషకు కూడా ఇందులో భాగం ఉందని నాకు అనిపిస్తుంది. కాన్పంటే భరించాల్సిన నొప్పి మాత్రమే అని చిన్నప్పట్నుంచీ విని పెరిగిన పిల్ల, తోడు లేని, నడవనివ్వని, కసిరే గదిలోకి వెళ్ళేకంటే కోత పెట్టించుకోవడమే నయం అనుకుంటే ఆమెను తప్పుపట్టలేం. సహజ కాన్పు గొప్పదనం గురించి ఆమెకు ఉపన్యాసం ఇచ్చేవాళ్ళు కూడా ఆమెకు ఓర్పునే నేర్పుతున్నారు తప్ప ఆ గదిని మార్చమని అడగడం లేదు.

నొప్పినీ పనినీ కలిపి పట్టుకునే మాట తెలుగులో అసలే లేదా అంటే, ఉంది. కష్టం. 'కష్టం చేసుకుని బతుకుతున్నాం' అన్నప్పుడు అది పని. 'కష్టాల్లో ఉన్నాం' అన్నప్పుడు అది బాధ. రెక్కల కష్టం, కష్టజీవి, కష్టార్జితం అన్నీ అందులోంచి వచ్చినవే. పాటు అనే మాటా అంతే. పాటుపడటం పని, పాట్లు పడటం బాధ. అయితే కాన్పు దగ్గరికి వచ్చేసరికి ఈ మాట కూడా ముఖం తిప్పుకుంటుంది. 'కాన్పు కష్టమైంది' అంటే ఏదో చిక్కు వచ్చిందని అర్థం. మామూలు కాన్పుని మనం కష్టం అనం. 'సుఖప్రసవం' అంటాం! కన్నది ఆమె, సుఖం ఎవరిదో!

డెబ్బయిల తర్వాత తెలుగులో మార్క్సిస్టు ఆలోచన విస్తరించినప్పుడు, లేబర్‌కి శ్రమ అనే మాట స్థిరపడింది. శ్రమ, శ్రమశక్తి, అదనపు విలువ లాంటి మాటల్ని మామూలు పాఠకుల దాకా తీసుకొచ్చిన రంగనాయకమ్మ గారి 'కాపిటల్ పరిచయం' చేసిన మేలు చిన్నది కాదు. 'ఇంటిపని-బయటిపని'లో ఆవిడ ఇంటి చాకిరీని కూడా శ్రమగా చర్చకు పెట్టారు. ఆ పునాది లేకుండా మనం ఇవాళ ఈ మాటలు మాట్లాడుకోలేం. కానీ శ్రమ అనే మాటతో లేబర్‌లో సగమే వచ్చింది. ఫ్యాక్టరీ వచ్చింది, పొలం వచ్చింది, కొంత పోరాడాక వంటిల్లూ వచ్చింది. మిగతా సగం ఆస్పత్రి బోర్డు మీద ఇంగ్లీషులోనే ఉండిపోయింది.

ఏడ్రియన్ రిచ్ 1976లో రాసిన 'ఆఫ్ ఉమన్ బోర్న్' పుస్తకంలో ప్రసవం మీద రాసిన అధ్యాయానికి పేరు 'ఎలియనేటెడ్ లేబర్'. మార్క్స్ వాడిన మాటనే తీసుకుని లేబర్ రూం తలుపుకి తగిలించింది. కార్మికుడికి తన పనీ, తను చేసిన వస్తువూ ఎలా పరాయివైపోతాయో, మగ డాక్టర్లు, పరికరాలు, మత్తుమందుల మధ్య కనే స్త్రీకి తన కాన్పు అలా పరాయిదైపోవడం ఆ అధ్యాయంలో చూస్తాం. ఆ పేరుని తెలుగు చేయబోతే చిక్కొచ్చి పడుతుంది. 'పరాయీకరణ చెందిన శ్రమ' అంటే ట్రేడ్ యూనియన్ కరపత్రంలా ఉంటుంది, ప్రసవం మాయమవుతుంది. 'పరాయిదైన ప్రసవం' అంటే మార్క్స్ మాయమవుతాడు. రిచ్ ఇంగ్లీషులో రెండు మాటల్లో చెప్పిన వాదన తెలుగులో పేరా అవుతుంది. నిర్మల తన కవితకు 'లేబర్ రూం' అని పేరు ఉంచడంలో ఎంత లాభం ఉందో ఈ అనువాదం ముందు కూర్చుంటే తెలుస్తుంది. ఆవిడ ఏ ఉద్దేశంతో పెట్టారన్నది నా ప్రశ్న కాదు. మాతృత్వాన్ని బయటి నుంచి పొగిడే మన కవిత్వ సంప్రదాయానికి ఎదురుగా, కనే దేహం వైపు నుంచి మాట్లాడిన ఆ కవితకు ఆ పేరు ఉండటం వల్ల అది కార్మిక కవిత కూడా అయింది. ఓల్గా సంపాదకత్వంలో 1993లో 'నీలిమేఘాలు' వచ్చిన రోజుల్లో స్త్రీవాద కవిత్వాన్ని ఒంటి గురించిన కవిత్వం అని ఈసడించినవాళ్ళకు, అందులో కష్టం గురించిన మాట ఉందని మనం గట్టిగా చెప్పి ఉండాల్సింది. దేహం గురించి రాసే హక్కు మాకుంది అన్న జవాబుతోనే చాలాసార్లు ఆగిపోయాం.

ఇక వంటిల్లు. ఆరెంట్ తన పుస్తకంలో లేబర్‌నీ వర్క్‌నీ విడదీస్తుంది. వర్క్ చేస్తే ఒక వస్తువు మిగులుతుంది, బల్లో ఇల్లో బొమ్మో. లేబర్ చేస్తే ఏమీ మిగలదు. బతకడానికి రోజూ చేయాలి, చేసిందంతా రోజూ ఖర్చైపోతుంది. ఆవిడ ఆడవాళ్ళ ఇంటిపని కోసం ఈ తేడా చెప్పలేదు. మనం చదివితే మాత్రం అంట్లు, బట్టలు, వంట గుర్తుకు రాక మానవు. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ ఒక ఇల్లాలు తన పేరే మరిచిపోతుంది. ఇల్లలుకుతూ పేరు మరిచిపోయిన ఈగ కథ మనందరికీ తెలిసిందే. ఆరెంట్ పేజీలకొద్దీ చెప్పిన తేడాని సత్యవతి గారు ఆ ఈగను అడ్డం పెట్టుకుని చెప్పేశారు. ఏదీ మిగల్చని పని చివరికి చేసేవాళ్ళనీ మిగల్చదు.

ఈ పని లెక్కలోకి రావడానికి ఎంత తిప్పలో చూడండి. 2001 జనాభా లెక్కల్లో ఇంటిపని చేసుకునే స్త్రీలను బిచ్చగాళ్ళు, ఖైదీలు వగైరాల సరసన పని చేయని వాళ్ళ జాబితాలో వేశారని 2010లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. 2021లో ఇంకో తీర్పులో మన తెలుగువారే అయిన జస్టిస్ ఎన్.వి. రమణ గృహిణి పనికి విలువ కట్టడం గురించి విడిగా రాశారు. 2019 కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని అందులో ఉంది. 2024 సర్వేలో అవి 289, 88 అయ్యాయి. ఐదేళ్ళలో ఆడవాళ్ళకు పది నిమిషాలు తగ్గాయి. మగవాళ్ళకూ తొమ్మిది తగ్గాయి! ఆ రెండు తీర్పుల్లో గమనించాల్సింది ఇంకొకటి ఉంది. రెండూ రోడ్డు ప్రమాదాల నష్టపరిహారం కేసులే. ఇల్లాలి పనికి కోర్టు విలువ కట్టింది ఆమె చనిపోయాక. బతికుండగా అడిగితే దానికి ప్రేమ అని పేరు. 1975లో సిల్వియా ఫెదరీచి ఇంటిపనికి వేతనం అడిగింది సరిగ్గా ఈ పేరు మార్పుని బయటపెట్టడానికే.

ఇంతవరకూ చెప్పింది ఒక మాటను విశాలం చేయడం గురించి. విశాలం చేసే పనిలో ఒక ప్రమాదం ఉంది. అన్నీ లేబరే అయితే ఎవరి లేబర్ ఎవరి నెత్తిన పడుతోందో కనిపించకుండా పోతుంది. ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో 'ఎమోషనల్ లేబర్' అన్నది, విమానాల్లో పనిచేసే ఆడవాళ్ళు జీతం కోసం నవ్వు పులుముకోవాల్సి రావడం గురించి. ఆ మాట తర్వాత సాగి సాగి పండక్కి గ్రీటింగ్ కార్డులు పంపడం దాకా పోతే ఆవిడే అభ్యంతరం చెప్పింది. కాబట్టి లేబర్ రూంలోకి ఇంకోసారి తొంగిచూడాలి. అక్కడ ఒక్క లేబరే ఉందా?

మన ఊళ్ళలో పురుడు పోసిన మంత్రసానులు ఎవరు? చాలాచోట్ల మంగలి, చాకలి, మాదిగ ఆడవాళ్ళు. పురిటి మైల ముట్టుకోవాల్సిన పని కాబట్టి అది వాళ్ళకు వదిలారు. 'మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి' అని సామెత కూడా చేసి నవ్వుకున్నాం. ఆమె విద్యను చదువుగా చూడలేదు, ఆమె కష్టానికి చాటెడు గింజలూ పాత చీరా చాలనుకున్నాం. కాన్పు ఆస్పత్రికి మారాక ఆ చోటులోకి ఆయా వచ్చింది. నెత్తురు గుడ్డలు తీసేది, గచ్చు కడిగేది ఆమే. కాన్పుకి తోడు తీసుకొచ్చే ఆశా కార్యకర్త కూడా వచ్చింది. ఆమెకు ఇచ్చేదాన్ని ప్రభుత్వం జీతం అనదు, పారితోషికం అంటుంది. అంగన్‌వాడీ, ఆశాల లాంటి వాళ్ళను కార్మికులుగా గుర్తించాలని 2013లో భారత కార్మిక సదస్సు సిఫారసు చేసింది. లేబర్ రూం దాకా నడిపించుకొచ్చిన ఆ మనిషి లేబర్ లెక్కలోకి రావడానికి పోరాడుతూ వచ్చింది. ఒకే గదిలో ఒకామెది నొప్పి అయింది, ఒకామెది సేవ అయింది, ఒకామెది మైల అయింది. ముగ్గురిదీ పనే.

జూపాక సుభద్ర కొంగు మీద రాసిన కవితను నేను ఇక్కడ పెట్టి చదువుతాను. జయప్రభ 'పైటను తగలెయ్యాలి' తర్వాత ఆ కవితను చాలామంది దళిత స్త్రీ ఇచ్చిన జవాబుగా చదివారు. అది సరైన చదువే. దానితోపాటు ఇంకొకటి కూడా ఉంది. అక్కడ కొంగు ఒక పనిముట్టు. సిగ్గుని కాపాడే కావలిగా దాన్ని చూసేది పని చేయని కళ్ళు. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు', శ్యామల, సుభద్ర కలిసి తెచ్చిన 'నల్లరేగటి సాల్లు' చదివినవాళ్ళకు తెలుసు, ఆ రాతల్లో దేహం, పని అని రెండు అరలు ఉండవు. నాటు వేసే నడుమూ బిడ్డను మోసే నడుమూ ఒకటే. 'లేబర్ భాష' అని మధ్యతరగతి ఇల్లు ఈసడించిన ఆ భాషలోనే ఈ రెండూ కలిసి ఉన్నాయి. వాటిని విడదీసింది కాలు కింద పెట్టకుండా పురుడు పోసుకోగలిగిన కులాలు.

విడదీస్తే ఏమవుతుందో మహారాష్ట్ర బీడ్ జిల్లా చూపించింది. చెరకు నరికే పనికి వెళ్ళే ఆడవాళ్ళు, బహిష్టు రోజుల్లో పని పోతుందనీ జరిమానా పడుతుందనీ భయపడి గర్భసంచులు తీయించుకుంటున్న సంగతి 2019లో పెద్ద వార్త అయ్యాక ప్రభుత్వం విచారణ కమిటీ వేసింది. ఒక లేబర్ చేసుకోవడానికి ఇంకో లేబర్ చేసే అవయవాన్నే వదులుకోవాల్సి వచ్చింది. 1961 ప్రసూతి సౌకర్యాల చట్టాన్ని 2017లో సవరించి సెలవును 26 వారాలు చేసినప్పుడు సంతోషించిన మనం, ఆ చట్టం తాకని ఈ ఆడవాళ్ళ గురించి ఎంత మాట్లాడాం?

సరే, ప్రసవాన్ని పని అంటే రేపు దానికి రేటు కట్టరా, అద్దె గర్భాల బజారును మనమే సమర్థించినట్టు కాదా అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్న. 2021లో వచ్చిన సరోగసీ నియంత్రణ చట్టం డబ్బుకు గర్భాన్ని అద్దెకివ్వడాన్ని నిషేధించింది, వైద్య ఖర్చులూ బీమా తప్ప మరే ప్రతిఫలం లేకుండా పరోపకారంగా కనడానికి అనుమతించింది. బజారుని ఆపాలన్న ఉద్దేశాన్ని నేను కాదనను. కానీ చూడండి, డాక్టరుకి ఫీజు ఉంటుంది, ఆస్పత్రికి బిల్లు ఉంటుంది, లాయరుకి ఫీజు ఉంటుంది. కన్న మనిషికి మాత్రం పరోపకారం ఉంటుంది. దోపిడీని ఆపడానికి మనకు తోచిన మార్గం ఆమె చేసింది పని కాదనడమే! పని అనడం అంటే ధర అడగడం ఒక్కటే కాదు. పనికి హద్దులుంటాయి, విశ్రాంతి ఉంటుంది, భద్రత ఉంటుంది, చేయను అనే హక్కు ఉంటుంది. 1886లో చికాగో కార్మికులు ఎనిమిది గంటలు అడిగింది కూలి పెంచమని కాదు, పనికి హద్దు పెట్టమని. వద్దు అనే హక్కు లేని చోట కాన్పయినా, వంటయినా, మోతయినా వెట్టి అవుతుంది. వెట్టి అంటే ఏమిటో తెలంగాణ ఆడవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అందుకే నాకు లేబర్ అనే మాటను తెలుగు చేయాలన్న తొందర లేదు. అది తెలుగే. అడ్డా మీద నిలబడ్డ ఆమెకీ, ఆస్పత్రి బల్ల మీద పడుకున్న ఆమెకీ ఇద్దరికీ తెలిసిన మాట. మనం చేయాల్సింది దాన్ని అరల్లోంచి బయటికి తీయడం. విశ్వవిద్యాలయాల్లో స్త్రీవాద కవిత్వం పాఠం చెప్పేవాళ్ళు 'లేబర్ రూం', 'వంటిల్లు', సుభద్ర కొంగు కవిత మూడూ ఒకే గంటలో, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివించి చూడమని కోరుతున్నాను. దేహం, గృహం, కులం అని మూడు వారాలకు మూడు శీర్షికలు పెట్టకండి. ఆ మూడు కవితల్లోనూ పని ఎవరు చేస్తున్నారు, ఎవరి కోసం, ఎవరు దాన్ని ఏ పేరుతో పిలుస్తున్నారు అని అడగండి. ఆ గంటలో తరగతి గదిని ఊడ్చి వెళ్ళిన ఆయమ్మ గురించి కూడా ఎవరో ఒక అమ్మాయి అడుగుతుంది. అడగాలి.